కోట్ల లెక్క సరే, ఆగిన తెరల లెక్కేది?

2019 జులై 10. మాంచెస్టర్‌లో వన్డే ప్రపంచకప్ సెమీఫైనల్. వాన వల్ల రెండో రోజుకు జరిగిన మ్యాచ్. న్యూజిలాండ్‌పై 240 పరుగులు చేయాల్సిన భారత్ రోహిత్, రాహుల్, కోహ్లీలను తలో పరుగుకే పోగొట్టుకుని చతికిలబడింది. ఆ తర్వాత జడేజా, ధోనీ కలిసి మళ్లీ ఆశ పుట్టించారు. హాట్‌స్టార్‌లో చూస్తున్నవారి సంఖ్య కూడా ఆ ఆశతో పాటే పెరుగుతూ పోయి, ఒక దశలో 2.53 కోట్లు తాకింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. 49వ ఓవర్లో గప్తిల్ విసిరిన బంతి నేరుగా వికెట్లను తాకింది. ధోనీ రనౌట్. కోట్లలో ఉన్న ఆ సంఖ్య కాసేపట్లోనే పది లక్షల లోపుకు జారిపోయింది.

జనం వెళ్లిపోయారు కదా, సర్వర్లకు ఊరట దొరికి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది దానికి తలకిందులు. మ్యాచ్ మీద విసుగు పుట్టిన మనిషి యాప్‌ను ఒక్కసారిగా మూసెయ్యడు. ముందు ఫోన్‌లో వెనక్కి బటన్ నొక్కుతాడు. అప్పుడు తెరుచుకునేది హోంపేజీ. అక్కడ వీడియో ఉండదు గానీ పని మాత్రం బోలెడు. ఈయన ఎవరు, చందా కట్టాడా, ఏ భాష ఎంచుకున్నాడు, నిన్న ఏ సీరియల్ సగంలో ఆపాడు, ఇప్పుడు ఏం చూపిస్తే ఆగుతాడు అంటూ ఒక్క పేజీ కోసం సర్వర్లకు ఎన్నో ప్రశ్నలు వెళ్తాయి. మ్యాచ్ చూస్తున్నంతసేపూ వీడియో ముక్కలు ఊరూరా ఉన్న సీడీఎన్ (వీడియో నకళ్లను ప్రేక్షకుడికి దగ్గర్లో ఉంచి పంపే నెట్‌వర్క్) సర్వర్ల నుంచి వస్తాయి కాబట్టి కంపెనీ సొంత సర్వర్లపై భారం పరిమితం. ఒక్క రనౌట్‌తో కోట్ల వేళ్లు ఒకేసారి వెనక్కి నొక్కితే ఆ బరువంతా హోంపేజీ నడిపే యంత్రాల మీద పడుతుంది. హాట్‌స్టార్ క్లౌడ్ ఆర్కిటెక్ట్ గౌరవ్ కాంబోజ్ ఆ ఏడాది బెంగళూరులో ఇంజినీర్ల సభలో ప్రేక్షకుల సంఖ్య ఇలా ఎగసి పడిపోయిన గ్రాఫును చూపించి మరీ ఈ సంగతి చెప్పారు. స్ట్రీమింగ్ వ్యవస్థలకు లోడ్ టెస్టు చేసేవారంతా ముందు చూడాల్సింది ఆ గ్రాఫునే.

ఎందుకంటే లోడ్ టెస్టు అంటే చాలామంది మేనేజర్ల దృష్టిలో ఒక అంకె. 'మన సిస్టమ్ కోటిమందిని మోస్తుందా?' అని అడుగుతారు, 'మోస్తుంది' అన్న జవాబుతో స్లైడు తయారవుతుంది. ఆ కోటిమంది ఏం చేస్తున్నారన్నది ఎవరూ అడగరు. కుదురుగా కూర్చుని చూసే కోటిమంది వేరు. నోటిఫికేషన్ రాగానే ఒకే నిమిషంలో యాప్ తెరిచే కోటిమంది వేరు. వికెట్ పడగానే వెనక్కి నొక్కే కోటిమంది మరీ వేరు.

హాట్‌స్టార్ బృందం ఈ తేడా పట్టుకుంది. 'ప్రాజెక్ట్ హల్క్' పేరుతో సొంత వ్యవస్థ మీద తామే దాడి చేసుకునే కార్యక్రమం పెట్టుకుంది. వాళ్లు చెప్పిన లెక్కల ప్రకారం అందులో వాడింది 3,000కు పైగా క్లౌడ్ యంత్రాలు, 1,08,000 సీపీయూలు, 216 టెరాబైట్ల మెమరీ. ఇవి మ్యాచ్ చూపించడానికి కావు, దొంగ ప్రేక్షకులను పుట్టించడానికి. ఒకే చోట నుంచి అంత రద్దీ పంపితే అదే నెట్‌వర్క్‌ను పంచుకుంటున్న ఇతర కంపెనీలకు ఇబ్బంది. అందుకని వాటిని ఎనిమిది ప్రాంతాలకు విస్తరించారు. పరీక్షకు పెట్టిన ఖర్చే ఒక చిన్న స్టార్టప్‌కు ఏడాది బడ్జెట్ అయి ఉంటుందేమో! కానీ ఆ ఖర్చుతో వాళ్లకు తెలిసిన సంగతులు విలువైనవి. రద్దీని బట్టి సర్వర్లను తనంతట తానే పెంచుకునే ఆటోస్కేలింగ్‌ను ఇంజినీర్లంతా నమ్ముకుంటారు. నిమిషానికి పది లక్షలమంది చొప్పున వచ్చిపడే ఆట ముందు అది నిలవదని తేలింది. కొత్త సర్వర్ లేచి, అప్లికేషన్ సిద్ధమై, పని అందుకునేలోపే ఇంకో పది లక్షలమంది గుమ్మంలో ఉంటారు. దాంతో ఇంతమందికి ఇన్ని సర్వర్లని మెట్ల లెక్క ముందే రాసుకుని, అవసరానికి కాస్త మిగులు ఉంచుకుంటూ ముందుగానే లేపి ఉంచడం మొదలుపెట్టారు. మరీ ఒత్తిడి వస్తే సిఫార్సుల జాబితాల వంటి హంగులను ఆపేసి వీడియో ఒక్కదాన్నే కాపాడుకునే 'పానిక్ మోడ్' కూడా పెట్టుకున్నారు.

అసలు కృత్రిమ ప్రేక్షకుడు అనేవాడు ఏం చేస్తాడో కాస్త దగ్గరగా చూస్తే సంగతి బోధపడుతుంది. ఇవాళ ఎక్కువగా వాడుకలో ఉన్న హెచ్‌ఎల్‌ఎస్, డాష్ పద్ధతుల్లో వీడియో ఏకధారగా రాదు. కొన్ని సెకన్ల ముక్కలుగా తెగి వస్తుంది. ప్లేయర్ ముందు ఒక జాబితా ఫైలు అడుగుతుంది. ఏ నాణ్యతలో ఏ ముక్క ఎక్కడుందో అందులో ఉంటుంది. ఒక ముక్క తెచ్చుకుంటుంది, అది ఎంత వేగంగా వచ్చిందో కొలుచుకుంటుంది, నెట్ బాగుంటే తర్వాతి ముక్కను మెరుగైన నాణ్యతలో, లేకుంటే నాసిగా అడుగుతుంది. లైవ్ అయితే కొత్త ముక్క వచ్చిందేమోనని జాబితాను మళ్లీ మళ్లీ తెరిచి చూస్తూనే ఉంటుంది. ముక్క నిడివి ఆరు సెకన్లు అనుకుంటే, 2.5 కోట్లమంది ప్రేక్షకులు కలిసి సెకనుకు 40 లక్షలకు పైగా ముక్కలు అడుగుతారు. జాబితా కోసం వచ్చే అభ్యర్థనలు దీనికి అదనం.

రికార్డు చేసిన సినిమాకు, లైవ్‌కు తేడా కూడా ఇక్కడే. సినిమాను ఒకరు ఎనిమిదింటికి, ఇంకొకరు పదకొండింటికి మొదలుపెడతారు. లైవ్ అంటే పెళ్లిలో ఊరందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి వడ్డించడం. ఇప్పుడే పుట్టిన ముక్కను అందరూ ఒకే క్షణంలో అడుగుతారు. ఆ ముక్క సీడీఎన్ దగ్గర ఇంకా చేరకపోతే, ఆ అడిగినవాళ్లందరినీ అది మూల సర్వర్ మీదికి తోలేస్తుంది. అలా జరగకుండా ఒక్కరి అభ్యర్థనే పైకి పంపి, మిగతావారిని క్షణంపాటు ఆపే ఏర్పాటు ఉండాలి. అది పనిచేస్తోందో లేదో తేలాలంటే పరీక్షలోని ప్రేక్షకులూ ఒకే ముక్క కోసం ఒకే క్షణంలో ఎగబడాలి. సాధారణ వెబ్‌సైట్ టెస్టు స్క్రిప్టును వీడియోకు తగిలిస్తే ఈ ఎగబాటు రాదు. ఒకే యూఆర్‌ఎల్‌ను లక్షసార్లు కొట్టి, సర్వర్ బ్రహ్మాండంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చుకోవడమే మిగులుతుంది.

పైగా పరీక్షల్లోని ప్రేక్షకుడు మహా మర్యాదస్తుడు. వీడియో ఆగితే జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడతాడు. నిజం మనిషి అలా కాదు. సుడి తిరుగుతుంటే రెండు సెకన్లు చూస్తాడు, యాప్ మూసి తెరుస్తాడు, వైఫై ఆపి డేటా వేస్తాడు, టీవీలో కాకపోతే ఫోన్‌లో, ఫోన్‌లో కాకపోతే భార్య ఫోన్‌లో ప్రయత్నిస్తాడు. ఒక్క ప్రేక్షకుడు అయిదుగురి భారం మోపుతాడు, అదీ సర్వర్ కుంటుతున్న సమయంలోనే.

ఈ మర్యాద వల్ల లెక్కలు కూడా అబద్ధమాడతాయి. గిల్ టెనే అనే ఇంజినీర్ దీనికి 'కోఆర్డినేటెడ్ ఒమిషన్' అని పేరు పెట్టి ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్నాడు. టెస్టు పరికరం ఒక అభ్యర్థన పంపి జవాబు వచ్చాకే రెండోది పంపే రకమైతే, సర్వర్ పది సెకన్లు స్తంభించినప్పుడు అదీ పది సెకన్లు ఊరుకుంటుంది. నివేదికలో ఒకే ఒక్క చెడ్డ అంకె పడుతుంది. బయట లోకంలో ఆ పది సెకన్లలో వచ్చి ఇరుక్కునేవాళ్లు వేలల్లో ఉంటారు, వాళ్లెవరూ లెక్కలోకి రారు. సగటు చేసేది ఇంకో మాయ. వందమందిలో 99 మందికి ఒక్క సెకనులో వీడియో మొదలై, ఒకరు నిమిషంపాటు తెల్లబోయి చూస్తే సగటు 1.6 సెకన్ల లోపే. నివేదిక మీద సంతకాలైపోతాయి. ఆ ఒక్క శాతం కోటిలో లక్షమంది అని మర్చిపోతారు. అందుకే తెలిసినవాళ్లు సగటు అడగరు. నూటికి 95వ, 99వ మనిషి ఎంతసేపు ఆగాడో అడుగుతారు.

ప్రేక్షకుడి ఓపిక ఎంత అన్నదానికి గట్టి ఆధారమే ఉంది. సీడీఎన్ సంస్థ అకమైకి చెందిన షణ్ముగ కృష్ణన్, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రమేష్ సీతారామన్ 2012లో 2.3 కోట్ల వీడియో వీక్షణలను పరిశీలించి ఒక పత్రం వెలువరించారు. మొదలవడానికి రెండు సెకన్లు దాటితే జనం జారుకోవడం మొదలెడతారు, ఆపై ప్రతి అదనపు సెకనుకూ వెళ్లిపోయేవారు 5.8 శాతం చొప్పున పెరుగుతారు. వీడియో నిడివిలో ఒక్క శాతం సమయం బఫరింగ్‌కు పోతే, చూసే సమయం అయిదు శాతం తగ్గుతుంది. పన్నెండేళ్లు దాటిన లెక్క ఇది. ఆ తర్వాత 4జీ, 5జీ వచ్చి మన ఓపికను ఇంకా తగ్గించి ఉంటాయే తప్ప పెంచి ఉండవు.

ఇంత తెలిసినా అతిరథులే పడ్డారు. 2023 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్ 'లవ్ ఈజ్ బ్లైండ్' రీయూనియన్‌ను లైవ్‌గా చూపిస్తామని ఊరించింది. గంట దాటినా తెర మీద ఏమీ రాలేదు. చివరికి రికార్డు చేసి మర్నాడు పెట్టింది. అంతకు నెల క్రితమే క్రిస్ రాక్ హాస్య ప్రదర్శనను లైవ్‌గా విజయవంతంగా నడిపిన సంస్థ అది. కారణం సహ సీఈవో గ్రెగ్ పీటర్స్ తర్వాత చెప్పారు. ఆ ప్రదర్శన అయ్యాక పనితీరు మెరుగుపరచడానికి చేసిన మార్పుల్లో ఒక బగ్ దూరింది. లోపల చేసిన పరీక్షల్లో అది కనబడలేదు. అనేక వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ లక్షలాది మంది బరువు మోస్తున్నప్పుడు మాత్రమే బయటపడే రకం అది. విడివిడిగా ప్రతి భాగమూ పాసైంది, కలిపి నిలబెడితే కూలింది. మెరుగుదల కోసం చేసిన మార్పు తర్వాత మొత్తం పరీక్షను మళ్లీ మొదటినుంచీ నడపాలన్నది ఏ టెస్టింగ్ ఇంజినీరైనా మొదటి ఏడాదే నేర్చుకునే సంగతి. గడువు ముంచుకొచ్చినప్పుడు మొదట కోత పడేదీ దానికే.

మరుసటి ఏడాది నవంబరు 15న టెక్సాస్‌లో మైక్ టైసన్, జేక్ పాల్ బాక్సింగ్ పోటీ. ఒకే క్షణంలో ఆరున్నర కోట్ల స్ట్రీములు నడిచాయని నెట్‌ఫ్లిక్స్ గొప్పగా ప్రకటించింది. అదే రాత్రి తెరలు మసకబారాయని, ఆగిపోయాయని అమెరికాలో వేలాదిమంది మొత్తుకున్నారు. రెండూ నిజమే. ఇక్కడ ఆ సంస్థను పూర్తిగా తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. నెట్‌ఫ్లిక్స్ బలమంతా ఓపెన్ కనెక్ట్ అనే పెట్టెల్లో ఉంది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల ఆవరణల్లోనే వాటిని పెట్టి, రద్దీ తక్కువున్న వేళల్లో సినిమాలతో నింపి ఉంచుతుంది. ఇంకా జరగని బాక్సింగ్‌ను ముందురోజే నింపడం ఎవరి తరమూ కాదు. ఇంకో చిక్కు ఏమిటంటే ప్రేక్షకుడి ఇంటిదాకా వెళ్లే ఆఖరి దారి ఇతర కంపెనీల ఆస్తి. ఆ దారిని కోట్ల దొంగ ప్రేక్షకులతో నింపి పరీక్షిస్తే ఊళ్లో మామూలు జనానికి ఇంటర్నెట్ ఆగిపోతుంది. కాబట్టి ఎంత గొప్ప లోడ్ టెస్టు అయినా సొంత గోడల దాకానే. అది ఒప్పుకుని, ఆఖరి దారిలో ఇరుకు ఏర్పడితే చిత్ర నాణ్యతను ఎలా మెట్టు దించాలో ముందే సాధన చేయడం మాత్రం ఎవరైనా చేయగలిగిందే. ఆ ఏడాది క్రిస్మస్ రోజున అదే నెట్‌ఫ్లిక్స్ రెండు ఎన్‌ఎఫ్‌ఎల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లను పెద్ద ఫిర్యాదులు లేకుండా దాటించింది.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ 2022 డిసెంబరు చివర్లో దొరికింది. 'అన్‌స్టాపబుల్' కార్యక్రమానికి ప్రభాస్ వచ్చిన ఎపిసోడ్ విడుదలైన రాత్రి ఆహా యాప్ చతికిలబడింది. అది లైవ్ కూడా కాదు, ఎప్పుడో షూట్ చేసినది. అభిమానులంతా ఒకే ఘడియకు వచ్చిపడటంతో రికార్డు చేసిన ఎపిసోడే లైవ్ అయి కూర్చుంది. మన దగ్గర ఇలాంటి వార్తకు శీర్షిక ఎలా పెడతారో తెలిసిందే కదా, 'డార్లింగ్ దెబ్బకు సర్వర్లు క్రాష్'. హీరో ప్రభంజనానికి రుజువుగా అభిమానులు స్క్రీన్‌షాట్లు పంచుకుంటారు. డబ్బు కట్టి ఆ రాత్రి చూడలేకపోయిన చందాదారు ఆ సంబరంలో ఎక్కడా కనబడడు.

బెంచ్‌మార్కుల విషయంలో అసలు పేచీ ఇక్కడుంది. కంపెనీలు లోపల వాడుకునే కొలతలు ఒకటి, బయట చాటింపు వేసేవి వేరొకటి. లోపల ఇంజినీర్ల గోడ మీది తెరలో మొదలయ్యే సమయం, బఫరింగ్ శాతం, విఫలమైన ప్రయత్నాలు క్షణక్షణం కనిపిస్తూనే ఉంటాయి. చిత్ర నాణ్యతను మనిషి కన్ను చూసినట్టు అంచనా వేసే వీమాఫ్ అనే కొలతను నెట్‌ఫ్లిక్స్ 2016లో అందరికీ ఉచితంగా ఇచ్చింది కూడా. బయటికి వచ్చే ప్రకటనల్లో మాత్రం ఎంతమంది చూశారన్నదే. 2023 వన్డే ప్రపంచకప్ ఫైనల్‌కు హాట్‌స్టార్ చెప్పింది 5.9 కోట్లు. అది కనీసం ఒకే క్షణంలో చూస్తున్నవారి సంఖ్య, దానికో అర్థం ఉంది. 2025 ఫిబ్రవరిలో చాంపియన్స్ ట్రోఫీలో భారత్, పాకిస్థాన్ ఆడినప్పుడు జియోహాట్‌స్టార్ తెర మీద 60 కోట్లు దాటిన అంకె మెరిసింది. దేశంలో నూటికి నలభై మంది ఒకేసారి ఫోన్లు పట్టుకుని కూర్చోలేదు. అది వీక్షణల మొత్తం. నెట్ తెగి మళ్లీ కలిసిన మనిషి అందులో ఎన్నిసార్లు లెక్కకొస్తాడో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. తెర తరచూ ఆగితే వీక్షణల సంఖ్య పెరిగే అవకాశం ఉన్న కొలతను రికార్డు పేరుతో ఊరేగించడం మాత్రం హాస్యాస్పదం.

పరీక్షించే చోటు కూడా చూడాలి. డేటాసెంటర్‌లోని యంత్రానికి నెట్ తెగదు, బ్యాటరీ అయిపోదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడి ఫోన్ టవర్ నుంచి టవర్‌కు దూకుతూ ఉంటుంది. పాడేరు కొండల్లో సిగ్నల్ ఒక మలుపులో ఉండి మరో మలుపులో ఉండదు. ఇలాంటి నెట్‌ను ల్యాబులోనే సృష్టించుకునే వీలు లైనక్స్‌లో ఎప్పటినుంచో ఉంది. నెటెమ్ అనే పనిముట్టుతో ప్యాకెట్లు పోగొట్టవచ్చు, ఆలస్యం చేయించవచ్చు, వేగం తుంచవచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా. అయిదేళ్ల కిందటి చవక ఆండ్రాయిడ్ ఫోన్లు ఓ యాభై కొని బల్ల మీద పేర్చుకోవడం ఏ స్ట్రీమింగ్ కంపెనీకీ మోయలేని ఖర్చు కాదు.

తెర ఆగినందుకు జవాబు చెప్పుకున్న కంపెనీ కూడా ఉంది. ఆస్ట్రేలియాలో 2018లో ఆప్టస్ అనే టెలికాం సంస్థకు ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఎక్కువ మ్యాచ్‌ల హక్కులు దక్కాయి. మొదటి వారాంతానికే స్ట్రీమింగ్ తడబడింది. గొడవ ఎంత పెద్దదైందంటే అప్పటి ప్రధాని మాల్కమ్ టర్న్‌బుల్ స్వయంగా ఆ సంస్థ సీఈవోతో మాట్లాడారు. ఆప్టస్ చివరికి మ్యాచ్‌లను ఎస్‌బీఎస్ అనే ప్రజా ప్రసార టీవీకి అప్పగించి, చందాదారులకు డబ్బు వెనక్కి ఇచ్చింది. మన దగ్గర ఫోన్ కాల్ మధ్యలో తెగితే దానికో ప్రమాణం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కాల్‌డ్రాప్ శాతాలు కంపెనీల వారీగా ప్రకటిస్తుంది. డబ్బు కట్టి చూసే మ్యాచ్ మధ్యలో తెగితే అలాంటి ప్రమాణమేదీ లేదు. 2021 ఐటీ నిబంధనలు ఓటీటీల్లో ఏం చూపాలో, ఏ వయసువారికి చూపాలో చెబుతాయి, ఎంత సాఫీగా చూపాలో చెప్పవు.

ప్రభుత్వం కొత్త చట్టమే తేవాలని కాదు. ఐపీఎల్ ఫైనల్ మర్నాడు విడుదల చేసే పత్రికా ప్రకటనలో కోట్ల సంఖ్య పక్కన మరో మూడు అంకెలు వేస్తే చాలు. నూటికి 95వ ప్రేక్షకుడికి వీడియో ఎన్ని సెకన్లకు మొదలైంది, చూసిన సమయంలో ఎంత శాతం బఫరింగ్‌కు పోయింది, ప్రయత్నించినా అసలు చూడలేకపోయినవారు ఎంతమంది. రాష్ట్రాల వారీగా ఇస్తే మరీ మంచిది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపానికి జిల్లా కమిషన్ తలుపు తట్టే హక్కు చందాదారుకు ఇప్పటికే ఉంది. కానీ ఆ రాత్రి తన తెర పదకొండుసార్లు ఆగిందని నిరూపించే లాగ్ అతని దగ్గర ఉండదు, కంపెనీ దగ్గర ఉంటుంది. యూట్యూబ్‌లో 'స్టాట్స్ ఫర్ నర్డ్స్' అనే ఒక చిన్న మెనూ ఏళ్ల నుంచీ ఉంది. నొక్కితే నెట్ వేగం, బఫర్‌లో మిగిలిన సెకన్లు, జారిపోయిన ఫ్రేములు వీడియో మీదే కనిపిస్తాయి. చందా తీసుకునే ప్రతి యాప్‌లో అలాంటి పేజీ ఒకటి, మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో, మ్యాచ్ అయిపోయాక కూడా తెరిచి చూసుకునేలా ఉండాలని అడగడానికి ఏ కమిటీ నివేదికా అక్కర్లేదు.